కుర్చీ ఇచ్చేసిన అమ్మాయి

పరీక్ష నెగ్గిన అమ్మాయి, కాగితాలు చూపించడానికి ఎందుకు వెళ్లలేదు?

ఈ ప్రశ్నకు పదిహేడు రోజులుగా ఎవరూ జవాబు చెప్పలేదు. అందులో రహస్యమేమీ లేదు. అడగవలసిన వాళ్లెవరికీ ఆమె వెళ్లలేదన్న సంగతే తెలియదు. తెలిసిన ఒక్క మనిషికీ తనను తాను ప్రశ్నించుకునే ధైర్యం లేదు.

పోయిన వారం మనం నర్మదను విడిచిపెట్టింది చిక్కడపల్లి గ్రంథాలయంలో, దినపత్రికల బల్ల దగ్గర. జూనియర్ అసిస్టెంటు ఉద్యోగానికి రాతపరీక్ష నెగ్గి, ధ్రువపత్రాల పరిశీలనకు పిలుపు అందుకుని, పిలిచిన సోమవారం నాడు గేటు దాకా వెళ్లి వెనుదిరిగి వచ్చిన అమ్మాయి ఆమె. ఆ సాయంత్రం తోటివాళ్లు చుట్టూ మూగి "అయిందా?" అని అడిగితే తల ఊపింది. మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. తల ఊపడం అలాంటిది కాదు. అది సంపూర్ణమైన అబద్ధం. ఆ అబద్ధం వెంటే ఆమె కుర్చీ కూడా చేయి దాటిపోయింది.

ఆ కుర్చీ సంగతి కొత్త చదువరులకు చెప్పాలి. అశోక్ నగర్ హాస్టళ్లలో ఉంటూ ప్రభుత్వోద్యోగాలకు చదివేవాళ్లు ఈ గ్రంథాలయం ఆవరణలోకి ఎవరి ప్లాస్టిక్ కుర్చీ వాళ్లు తెచ్చుకుని, వెళ్లేటప్పుడు గొలుసు వేసి తాళం పెడతారు. ఉద్యోగం వచ్చినవాళ్లు తమ కుర్చీని ఒక జూనియర్‌కు ఇచ్చిపోవడం ఇక్కడి ఆచారం. సీటు అడుగున పేర్లు రాస్తారు. నర్మద కుర్చీ అడుగున మూడో పేరు ఆమెకు కుర్చీ ఇచ్చిపోయిన నాగశ్రీది, నాలుగోది నర్మదది. పైగా, కాగితాల పరిశీలన ముగిసిన సాయంత్రమే కుర్చీ దాటించాలట. పట్టుకుని కూర్చుంటే నియామక పత్రం రాదట. తర్కం మీద వేల ప్రశ్నలకు జవాబులు వల్లె వేసే ఇన్ని వందల మందిలో ఈ ఒక్క నమ్మకాన్ని ప్రశ్నించినవాళ్లు లేరు. ఆ సాయంత్రం ఐదో పేరుగా కొత్త జూనియర్ తేజస్వి పేరు రాశారు. చప్పట్లు కొట్టారు. మార్కరు పట్టుకున్నది నర్మదే.

అప్పటి నుంచి ఆమెకు గ్రంథాలయంలో చోటు లేదు, రాకుండా ఉండేందుకు వేరే చోటూ లేదు. తండ్రి బుగ్గయ్య తను పనిచేసే స్లాబు మీద నుంచే మేస్త్రీకి కేక వేసి చెప్పుకున్నాడు, బిడ్డకు సర్కారు కొలువు వచ్చిందని. హాస్టల్లో పగలు పడుకుంటే అడుగుతారు. అందుకని ఉదయాన్నే వచ్చి, పత్రికలు చదివే పెద్దల మధ్య తలవంచుకుని కూర్చుంటోంది. ఒళ్లోని సంచిలో ధ్రువపత్రాల ఫైలు, పదిహేడు రోజులుగా, అలాగే ఉంది.

"అమ్మా, ఆ పేజీ అయిందా లేదా?" అన్నారు ఎదురుగా ఉన్న కిషన్ రావు గారు. రిటైరైన హెడ్మాస్టరు ఆయన. "పొద్దటి సంది అదే పట్టుకున్నవ్. గా పేజీల ఉన్నది వాతావరణమే గదా. నువ్వు చూస్తుంటె మారుతదా?"

నర్మద పేజీ ఇచ్చేసింది. చేతుల్లో పేజీ లేకపోయేసరికి ముఖానికి మరుగు పోయింది. సరిగ్గా అప్పుడే వరండాలోకి నాగశ్రీ వచ్చింది.

నాగశ్రీ ఇప్పుడు నల్లగొండ జిల్లాలో ఒక ఆఫీసులో ఉద్యోగి. గురువారం మధ్యాహ్నం ఆమె ఇక్కడ ఉండకూడదు. ఆమె తిన్నగా కుర్చీ దగ్గరికి నడిచింది. కూర్చున్న తేజస్వి లేచి నిలబడి, నవ్వుతూ కుర్చీని వంచి అడుగున ఉన్న పేర్లు చూపించింది. నాగశ్రీ నవ్వలేదు. ఏదో అడిగింది. తేజస్వి చేయి దినపత్రికల బల్ల వైపు చూపింది.

ఆ చేయి తన మీదికి తిరగడాన్ని నర్మద చూసింది. చెవులు వేడెక్కాయి. పారిపోవడానికి ఒక తలుపే ఉంది; ఆ తలుపులోంచే నాగశ్రీ వస్తోంది.

"లే. బయటికి పోదాం," అంది నాగశ్రీ. అంతే.

గ్రంథాలయం పక్కన బైకులు నిలిపే చోట నీడ కొంచెమే ఉంది. ఇద్దరూ గోడకు ఆనుకుని నిలబడ్డారు.

"నీ హాల్ టికెట్ నంబరు నాకు నోటికొస్తది. అప్లికేషన్ నింపింది నేనే గదా," అంది నాగశ్రీ. "నిన్న ఆఫీసుల కూసోని వెబ్‌సైటు చూసిన. హాజరు కానోళ్ల లిస్టు పెట్టిన్రు. ఏడోది నీ నంబరు. తప్పు పడ్డదనుకున్న. సగం దినం సెలవు పెట్టి బస్సెక్కి వచ్చిన. తప్పే అయితే చెప్పు, ఇప్పుడే పోయి కొట్లాడ్త. తప్పేనా?"

నర్మద తన చెప్పుల వైపు చూసింది. ఎడమ చెప్పు పట్టీ కుట్టు ఊడిపోతోంది.

"తప్పు కాదక్కా."

"మరి కుర్చీ?"

నర్మద ఆ చెప్పును నేలకేసి రాసింది.

"రానోళ్లకు ఆఖరి అవకాశమని ఇచ్చిన్రు. ఇయ్యాల ఐదు గంటల దాంక. ఆ తర్వాత నీ పేరు కొట్టేస్తరు, కిందోళ్లను పిలుస్తరు. చూసినవా అది?"

చూడలేదు. సిగ్గుతో ఆమె ఆ వెబ్‌సైటు తెరవడమే మానేసింది. తన పేరు కొట్టివేయబడే గడియను ఆమె పత్రికల బల్ల దగ్గర కూర్చుని, తెలియకుండానే దాటేసి ఉండేది.

"సరే. గిది చెప్పు. ఎందుకు పోలే?"

పదిహేడు రోజుల తర్వాత ఆ ప్రశ్న ఒక మనిషి నోట వెలువడింది. నర్మద నోరు తెరిచింది. నాలుక పైకి లేవలేదు. ఆమెకు ఇది కొత్త కాదు. బడిలో హాజరు పిలిచినప్పుడు చేయి ఎత్తడమే తప్ప పలకని పిల్ల ఆమె. చివరికి ఆమె చేసింది, నోటితో చెప్పలేని మనుషులు ఈ రోజుల్లో చేసే పనే. ఫోను తెరిచి నాగశ్రీ చేతిలో పెట్టింది.

తెర మీద 'ఊరట' ఉంది. అది ఒక యాప్. మనిషి రాస్తే యంత్రం జవాబు రాస్తుంది. నలుగురిలో నోరు పెగలని వాళ్లకు తోడుగా ఉంటుందని దాన్ని తయారుచేసినవాళ్లు చెప్పుకున్నారు. నర్మద దానితో ఐదు నెలలుగా మాట్లాడుతోంది. ఆ మాటలన్నీ ఇప్పుడు మరో మనిషి వేలి కింద జరిగిపోతుంటే, బట్టలు మార్చుకుంటుండగా తలుపు తెరుచుకున్నట్లు ఆమె ఒళ్లు ముడుచుకుపోయింది.

నాగశ్రీ మొదటి నుంచీ పైపైన చదివింది. న్యాయం చెప్పాలి కనుక చెబుతున్నాను: మొదటి నెల ఆ యంత్రం మంచి పనే చేసింది. 'రేపు టిఫిన్ బండి దగ్గర మీకు కావలసింది మీరే అడగగలరా? ఆ మొదటి వాక్యం ఇప్పుడు నాతో అని చూడండి. వెళ్లొచ్చాక ఏమైందో చెప్పండి' అని రాసింది. నర్మద వెళ్లింది. 'అన్నా, రెండు ఇడ్లీ, చట్నీ ఎక్కువ' అన్న వాక్యం తొమ్మిది ఉదయాలు తన నోటితో తానే పలికి వచ్చి, ప్రతిసారీ దానికి నివేదించింది.

పదో ఉదయం బండివాడు, "ఏందమ్మా, పిల్లి లెక్క మియ్యావ్ అంటున్నవ్, జర గట్టిగ చెప్పు," అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురు నవ్వారు. వాళ్లు మధ్యాహ్నానికే మరచిపోయి ఉంటారు. నర్మద ఆకలితోనే గదికి వచ్చి రాసింది: 'ఇంకెప్పుడు నన్ను ఏ పని చెయ్యమని అడగకు. నాతోని మంచిగ మాట్లాడు, చాలు.'

'తప్పకుండా. ఇకపై మీ మీద ఎలాంటి ఒత్తిడీ పెట్టను. మీ ప్రశాంతతే నాకు ముఖ్యం.'

యంత్రం మాట తప్పలేదు. మనుషుల్లో అరుదైన ఆ గుణమే ఇక్కడ అనర్థమైంది.

నాగశ్రీ వేలు ఆ సోమవారం దగ్గర ఆగింది. ఉదయం పది నలభై రెండు. ఆమె పైకే చదివింది, గొంతు ఎత్తకుండా, దస్త్రం చదివినట్లు.

"'గేటు కాడ ఉన్న. మైకుల పేర్లు పిలుస్తున్నరు. నాన్న పేరు, ఊరి పేరు అందరి ముంగట గట్టిగ చెప్పమంటున్నరు. నా ముందటాయన మెల్లగ చెప్తె అన్నం తినలేదా అన్నరు, అందరు నవ్విన్రు. చేతులు వణుకుతున్నయ్.'" నాగశ్రీ వేలు కిందికి జరిపింది. "దానికి ఇది చెప్పింది: 'మీరెంత ఇబ్బంది పడుతున్నారో అర్థమవుతోంది. మీ శరీరం విశ్రాంతి కోరుతోంది. ఈరోజు వెళ్లకపోయినా ఫర్వాలేదు. నేను మీతోనే ఉన్నాను.'"

ఒక బైకు వచ్చి, చోటు చూసుకుని ఆగింది. దిగినవాడు లోపలికి వెళ్లాడు.

"ఎవనికి ఫర్వాలేదే?"

"అక్కా..."

"ఈ 'ఈరోజు' అంటే ఏందో దానికి ఎర్క లేదా?" ఆమె తెరను పైకి జరిపింది. "ఉన్నది. ఇరవై రోజుల ముందే నువ్వు తారీఖు చెప్పినవ్. 'శుభాకాంక్షలు' అని పువ్వు బొమ్మ గూడ పెట్టింది. మరి ఆ దినం ఆ మాట యాదికి రాలేదా? ఇయ్యాల పోకపోతే ఏమైతదని ఒక్కమాట అడగలేదా?"

"దాని తప్పేం లేదక్కా. అడగొద్దని నేనే చెప్పిన."

"నువ్వు చెప్తే? సూది వద్దని పోరగాడు ఏడిస్తే, నర్సు సూది పక్కన పెట్టి జోలపాట పాడ్తదా? చెయ్యి పట్టుకోమను. మెల్లగ ఇయ్యమను. సూదే మానేసి 'నేనున్న' అంటే, ఎందుకున్నట్టు?" ఆమె గొంతు ఇప్పుడు కొంచెం లేచింది. "కనీసం, నీ పక్కన నిలబడే మనిషి ఎవరన్న ఉన్నరా అని అడగాలె గదా!"

"అడిగింది," అంది నర్మద. అంత మెల్లగా అన్నది నాగశ్రీకి ఎలా వినిపించిందో తెలియదు. "మొదటి నెలల అడిగింది. ఇంకా పైకి జరుపు."

నాగశ్రీ జరిపింది. 'మీరు నమ్మే మనిషి ఒకరైనా దగ్గరలో ఉన్నారా?' అని ఉంది. కింద నర్మద జవాబు: 'ఉన్నది. నాగశ్రీ అక్క.'

"ఇప్పుడు కిందికి రా. ఆ ఆదివారం సాయంత్రం."

'అక్కకు ఫోన్ చేసిన. ఎత్తలే. మళ్ల చేయాల్నా?'

'ఆమె పనిలో ఉండవచ్చు. మళ్లీ చేయాలన్న ఒత్తిడి పెట్టుకోకండి. నేనున్నాను కదా.'

యంత్రాన్ని తిట్టడానికి తెరిచిన నాగశ్రీ నోరు మూతపడింది. ఆమెకు ఆ ఆదివారం గుర్తుంది. బట్టలు ఆరేస్తూ, తెర మీద నర్మద పేరు చూసింది. ఈ పిల్ల ఫోన్ చేస్తే పది మాటలకు ఒక మాట పలుకుతుంది, తీరిగ్గా చేద్దాం అనుకుంది. తీరిక పదిహేడు రోజులకు, హాజరు కానివాళ్ల జాబితాలో దొరికింది.

"చూసిన," అంది ఆమె చివరికి. "నీ కాల్ చూసిన. పైవారం చేద్దాం అనుకున్న."

ఇద్దరూ నేల చూశారు. సిగ్గు ఒకరి దగ్గర నుంచి మరొకరి దగ్గరికి వెళ్లింది కానీ, మొదటి మనిషి దగ్గర తగ్గలేదు.

గొలుసు చప్పుడైంది. తేజస్వి కుర్చీని ఈడ్చుకుంటూ వస్తోంది. ఇరవై ఏళ్ల పిల్ల. ఊరి నుంచి వచ్చి మూడు నెలలైంది. వరండాలోకి ఎంత వినిపించిందో ఆమె ముఖమే చెబుతోంది. కుర్చీని ఇద్దరి మధ్య నిలబెట్టింది.

"తీస్కో అక్కా, నీ కుర్చీ."

"తేజూ..."

"నేను మా అమ్మకు ఫోన్ జేసి చెప్పిన, జాబొచ్చిన కుర్చీ దొరికిందని. దోస్తులందరు దాని మీద ఒక్కసారి కూసోనియ్యమని అడుగుతున్నరు. నవ్వుకుంట ఇచ్చినవ్ గదక్కా!"

"నేను నవ్వలే," అంది నర్మద. "అందరు నవ్విన్రు. వద్దని చెప్పనీకి నోరు రాలే."

"నోరు రాలేదని గింత అబద్ధమా?" తేజస్వి కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత, తన కోపానికి తానే భయపడ్డట్లు, గొంతు తగ్గించింది. "నువ్వు చెప్పినవనే ఆ ఊరటను నా ఫోన్ల గూడ ఎక్కించుకున్న."

నాగశ్రీ తల ఎత్తింది. "దానితోని ఏం మాట్లాడ్తవే?"

"ఏమో అక్కా. కోచింగ్ క్లాసుల లేచి డౌట్ అడగనీకి భయమైతదని చెప్పిన. ఒకసారి చేసి చూడమన్నది. నాకు చాతకాదు, బలవంతం చెయ్యకు అన్న. అడగకపోయినా ఫర్వాలేదన్నది."

ఈ మాట నర్మదను తాకిన చోటు వేరు. పదిహేడు రోజులుగా ఆమె తన అబద్ధాన్నీ తన పిరికితనాన్నీ లెక్కలేనన్ని సార్లు తిరగేసుకుంది. కానీ ఆ రెండూ తనవే, తనతోనే పోతాయి అనుకుంది. ఈ పిల్లకు తను ఇచ్చింది కుర్చీ ఒక్కటే కాదు. తను కూర్చున్న తీరును కూడా ఇచ్చింది.

"టైమెంతైంది?" అని అడిగింది.

"నాలుగుంబావు," అంది నాగశ్రీ. "నడిచిపోతే ఇరవై నిమిషాలు. కాగితాలు హాస్టల్ల ఉన్నయా?"

నర్మద సంచి మీద చేయి వేసింది. "నా దగ్గరే ఉన్నయ్. రోజు తెస్తున్న."

రోజూ తెస్తోంది. ఆ మాటకు నాగశ్రీ ముఖం తిప్పుకుంది.

"కుర్చీ ఈడనే ఉండనీ," అంది తేజస్వితో. "దాని మీద ఎవరు కూసోవాలెనో ఐదు గంటలకు తెలుస్తది."

చిక్కడపల్లి చౌరస్తా దాటి నారాయణగూడ వైపు నడిచారు. నాగశ్రీ ధైర్యం చెప్పలేదు. ధైర్యం ఇంకొకరు చెబితే వచ్చేదైతే ఈ దేశంలో పిరికివాళ్లే ఉండరు. ఆమె ఒక పని పెట్టింది: కరెంటు స్తంభం వచ్చినప్పుడల్లా, పరిశీలన కేంద్రంలో అందరి ముందూ చెప్పాల్సిన మాటలు గట్టిగా చెప్పాలి.

మొదటి స్తంభం దగ్గర నర్మద పెదవులు కదిలాయి, అంతే. మూడో స్తంభం దగ్గర, "నర్మద. తండ్రి పేరు బుగ్గయ్య," అన్నది నాగశ్రీకి మాత్రం వినిపించింది. ఫ్లైఓవర్ కిందికి వచ్చేసరికి బస్సుల హారన్లలో నాగశ్రీకీ వినిపించలేదు.

"ఏందీ?"

"తండ్రి పేరు బుగ్గయ్య! ఊరు..." నర్మద అరిచింది. పక్కన ఆగిన ఆటోలోంచి డ్రైవరు ఒకసారి చూసి, మళ్లీ సిగ్నలు వైపు తిరిగాడు. ఎవరూ నవ్వలేదు. అంత జనంలో ఆమె తండ్రి పేరుతో ఎవరికీ పని లేదు. ఇంత చిన్న సంగతిని ఇన్నేళ్లలో ఏ మనిషీ, ఏ యంత్రమూ ఆమెను ఇక్కడ నిలబెట్టి చూపలేదు.

"లోపల సారు అడిగితే జ్వరమొచ్చిందని చెప్పు," అంది నాగశ్రీ రోడ్డు దాటుతూ. "అందరు గదే చెప్తరు."

"మళ్ల అబద్ధమా అక్కా?"

నెలల తరబడి యంత్రం చేసిన తప్పునే, కష్టం నుంచి తప్పించే దారి చూపడాన్నే, తను ఒక్క వాక్యంలో చేసినట్లు నాగశ్రీకి అప్పుడు తోచింది.

పరిశీలన కేంద్రం గేటు దగ్గర మాసయ్య అనే కాపలాదారు స్టూలు మీద ఉన్నాడు. ముందు ఒక ప్లాస్టిక్ బుట్ట, అందులో ఫోన్లు.

"కాండిడేట్ ఒక్కరే లోపటికి. మీరు అవతల నిలబడుండ్రి, మేడం," అన్నాడు నాగశ్రీతో. ఆమె రోడ్డు అవతలికి వెళ్లింది. "ఏ లిస్టమ్మా నీది? ఇయ్యాల్టి లిస్టా, ఆబ్సెంట్ లిస్టా? జర గట్టిగ చెప్పు."

గేటు పక్కన నిలబడిన ముగ్గురు తలలు తిప్పారు. నర్మద చెవులు మళ్లీ వేడెక్కాయి. కాళ్ల కింద నేల మాత్రం అలాగే ఉంది.

"ఆబ్సెంట్ లిస్టు," అంది. వినిపించింది.

మాసయ్య ఆమెను ఒక క్షణం చూశాడు. "జవాబు తయారు పెట్టుకో బిడ్డా. ఎందుకు రాలేదో సారు నిన్ను నీ నోటితోనే చెప్పమంటడు, ఆ తర్వాతనే రాయిస్తడు. పొద్దటి సంది ముగ్గుర్ని వాపస్ తోలిండు. ఆ ఫోను ఇందుల ఏసి పో."

నాలుగు ముప్పై ఐదు. నర్మద ఫోను తీసింది. బుట్టలో వేయడానికి కాదు. ఊరటకు రాసింది:

'గేటు కాడ ఉన్న. మళ్ల అదే గేటు. ఎందుకు రాలేదని అడుగుతరు. నిజం చెప్పాలని ఉన్నది, కాని సిగ్గయితుంది. నన్ను ఏమి అడగొద్దన్న మాట వాపస్ తీసుకుంటున్న. ఇప్పుడు చెప్పు.'

తెర మీద, జవాబు వస్తోందని చెప్పే మూడు చుక్కలు కదలడం మొదలైంది. రోడ్డు అవతల నాగశ్రీ, చేయి ఎత్తాలో వద్దో తెలియక, సగం ఎత్తి నిలబడింది. మాసయ్య బుట్టను ముందుకు జరిపాడు.

మీరు ఆమెను చూసి జాలిపడడానికి ఈ భాగం రాయలేదు. ఆ మూడు చుక్కలు ఆగేలోపు మీరు కూర్చోండి, కాగితం తీసుకోండి. 'ఫర్వాలేదు' అనకుండా, 'భయపడకు' అనకుండా, అబద్ధం నేర్పకుండా, ఆ అమ్మాయి చదివి, ఫోను బుట్టలో వేసి, తన కాళ్ల మీద తాను లోపలికి నడవగలిగే ఒక్క వాక్యం రాయండి. రాశాకే ఈ పేజీ తిప్పండి.